ఆటిజం ఉన్నవాళ్ళు ఆటోమేటిక్‌తోనే డ్రైవింగ్ మొదలుపెట్టాలా?

వెనకసీటు: మా తమ్ముడికి 22 ఏళ్ళు, ఆటిజం ఉంది. గేర్ల కారు మీద 16 క్లాసులయ్యాయి. ఇప్పటికీ సిగ్నల్ దగ్గర బండి ఆఫ్ చేసేస్తున్నాడు. క్లచ్ ఉండని ఆటోమేటిక్‌కి మారుద్దామంటే నాన్న ఒప్పుకోవట్లేదు. "కష్టమైనది వస్తే ఏదైనా నడుపుతాడు" అంటారు.

పాతగేరు: నాన్నగారి మాటే రైటు. ఆటోమేటిక్ రుచి మరిగితే మళ్ళీ గేర్ల జోలికి పోడు. పైగా ఆటిజం వాళ్ళకి పద్ధతి ఉంటే చాలంటారుగా, క్లచ్ అంటేనే ఒక పద్ధతి.

క్లచ్‌తో_కుస్తీ: నాకూ ఆటిజమేనండీ. ఖాళీ మైదానంలో క్లచ్ గంటలో వచ్చేసింది. చిక్కంతా రోడ్డెక్కాకే. కాలు హాఫ్ క్లచ్ మీద, వైపర్ కీచుమంటోంది, పక్కనుంచి మాస్టారు "కొంచెం ముందుకెళ్ళి అలా తిప్పు" అంటారు. కొంచెం అంటే ఎంత? అలా అంటే ఎటు? "ఆ తెల్లగోడ దాటగానే ఎడమకి" అంటే చక్కగా తిప్పేవాణ్ణి.

ఆటోమేటిక్‌కి మారాక ఎదుటివాళ్ళని గమనించే తీరిక దొరికింది. ఎదురుకారు లైట్లు కొడితే "నువ్వెళ్ళు" అనా, "నేనొస్తున్నా, ఆగు" అనా? రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. నేను లైట్లు నమ్మను, చక్రాలు ఆగాయో లేదో చూస్తా.

పాతగేరు: ఇంత ఆలోచిస్తూ నడపడం ప్రమాదం కాదూ? తప్పుగా అనుకోకండి.

క్లచ్‌తో_కుస్తీ: అనుకోను లెండి. అమెరికాలో న్యూజెర్సీ రికార్డులతో 2021లో ఒక అధ్యయనం వచ్చింది. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఆటిజం యువత ప్రమాదాల రేటు మిగతావాళ్ళంతే, లేదా తక్కువే. అతివేగం వల్ల జరిగేవి బాగా తక్కువ. ఎదురొచ్చే బళ్ళకి అడ్డంగా తిరగాల్సిన మలుపుల్లో మాత్రం ఎక్కువ. ఆ 16 క్లాసుల్లో సగం మలుపుల మీద పెట్టాల్సింది.

డ్రైవింగ్_మాస్టారు: అందరికీ ఒకే మందు పనిచెయ్యదు. నా దగ్గర ఒకబ్బాయి ఆటోమేటిక్ అంటేనే హడలిపోయాడు. బ్రేకు వదలగానే బండి తనంతట తను పాకుతుందిగా, అదీ భయం. గేర్లలో ఇంజను చప్పుడు విని ఠక్కున మార్చేవాడు. రెండూ ఒక్కో పూట నడిపించి చూడండి.

వెనకసీటు: ఇదంతా తమ్ముడికి చదివి వినిపించా. క్లచ్ ఇబ్బందేం లేదట. పచ్చలైటు పడగానే వెనకవాళ్ళు హారన్ కొడితే క్లచ్ మీంచి కాలు దానంతటది లేచిపోతోందట. "ఆటోమేటిక్‌లో హారన్లు వినపడవా?" అని అడుగుతున్నాడు. జవాబు మీరే చెప్పాలి.