జర్మనీలో చదువుకుంటూ టాఫెల్‌లో సేవ చేయడం, అక్కడి తిండికి అలవాటు పడడం: అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ప్రశ్న (మాగ్డెబర్గ్ విద్యార్థిని, జనవరి)

అందరికీ నమస్కారం. నేను అక్టోబరులో మాస్టర్స్ చదవడానికి మాగ్డెబర్గ్ వచ్చాను. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. వచ్చి మూడు నెలలు దాటినా నా భోజనం అన్నం, కందిపప్పు, అమ్మ కట్టి ఇచ్చిన గోంగూర పచ్చడి దగ్గరే ఆగిపోయింది. యూనివర్సిటీ మెన్సాలో (విద్యార్థుల భోజనశాలలో) పళ్లెం పట్టుకుని నిలబడి, ఎదురుగా ఉన్న వంటకం ఏమిటో అడిగేంత భాష రాక, ఉడికించిన బంగాళాదుంపలు మాత్రం పెట్టించుకుని వచ్చేస్తున్నాను.

మా ఫ్లాట్‌లో ఉండే జర్మన్ అమ్మాయి ప్రతి గురువారం టాఫెల్‌కు వెళ్లి, దుకాణాల్లో మిగిలిపోయిన కూరగాయలు, రొట్టెలు ఏరి అవసరం ఉన్నవారికి పంచి వస్తుంది. నన్ను కూడా రమ్మంటోంది. వెళ్లాలని మనసులో ఉంది గానీ, నా జర్మన్ ఎ2 (ప్రాథమిక) స్థాయిలోనే ఉంది. ఇలాంటి సేవ వీసా నిబంధనలకు అడ్డు వస్తుందేమోనన్న భయమూ ఉంది. పైగా, మన సీనియర్లు ఒకరిద్దరు "సేవ ఎందుకు, నువ్వే పేరు రాయించుకుంటే వారానికి సరిపడా సరుకులు వస్తాయి కదా" అన్నారు. ఆ మాట నాకు సరిగా అనిపించలేదు, కానీ ఎందుకు సరికాదో చెప్పలేకపోయాను. శాకాహారులు అక్కడ ఏం తినవచ్చో, ఏం అడిగి తెలుసుకోవాలో కూడా దయచేసి చెప్పండి.

జవాబు 1 (డార్ట్‌మండ్ పూర్వ విద్యార్థిని)

తప్పకుండా వెళ్లండి. నేను చదువుకునే రోజుల్లో రెండేళ్ల పాటు వారానికి ఒక పూట టాఫెల్‌లో పనిచేశాను. జర్మనీ గురించి తరగతి గదిలో నేర్చుకున్నదానికంటే ఆ కూరగాయల పెట్టెల మధ్య నేర్చుకున్నదే ఎక్కువ.

టాఫెల్ అంటే బల్ల, అందులోనూ నలుగురూ చేరి భోంచేసే బల్ల అని అర్థం. 1993లో బెర్లిన్‌లో కొందరు మహిళలు మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు దేశమంతటా తొమ్మిది వందలకు పైగా కేంద్రాలకు విస్తరించింది. పని చేసేవారిలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవారే కాబట్టి, ఎ2 స్థాయి భాషతో వెళ్లినా వారు ఓపికగా, నెమ్మదిగా మాట్లాడతారు. మొదట ఏరే పని అడిగి తీసుకోండి. కౌంటర్ దగ్గర సరుకులు అందించే పని భాష కొంత పట్టుబడిన తర్వాత చేయవచ్చు.

మొదటి వారం నేను చేసిన పొరపాటు ఇప్పటికీ గుర్తుంది. తేదీ దాటిన పెరుగు డబ్బాలను పారేయాలనుకుని ఒక పక్కకు నెట్టేస్తుంటే, పక్కన నిలబడిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఒక డబ్బా మూత తీసి, వాసన చూసి, చెంచాతో కాస్త నోట్లో వేసుకుని, మరో చెంచా నా చేతికి ఇచ్చారు. ఆ పెరుగుకు ఏమీ కాలేదు. డబ్బా మీద "మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ బిస్" అని ఉంటే, కనీసం ఆ తేదీ వరకు నాణ్యత తగ్గదని తయారుచేసినవారు ఇచ్చే హామీ మాత్రమే; ఆ తర్వాత కంటితో, ముక్కుతో, నాలుకతో పరీక్షించి వాడుకోవచ్చు. పచ్చి మాంసం కీమా వంటి వాటి మీద ఉండే "త్సు ఫెర్‌బ్రౌహెన్ బిస్" తేదీ అలాంటిది కాదు, అది దాటితే ఎవరికీ ఇవ్వకూడదు. ఈ రెండు మాటలూ ముందే నేర్చుకుని వెళితే మీ పని సగం సులువవుతుంది.

కొత్త తిండి నాకు అలవాటైంది హోటల్‌లో కాదు, ఆ బల్ల దగ్గరే. ఒక రోజు పెట్టెలో లేత ఆకుపచ్చ గడ్డలు కనిపించాయి. కోల్‌రాబి అన్నారు. తీరా చూస్తే అది మన మార్కెట్లలో దొరికే నూల్‌కోల్! మన దగ్గర కూరలోనో సాంబారులోనో ఉడికిస్తాం. ఆ పెద్దావిడ మాత్రం చిన్న చాకుతో తొక్క చెక్కి, పల్చని ముక్కలు కోసి, ఉప్పు అద్ది పచ్చిగానే తినిపించారు. కరకరలాడుతూ, కొద్దిగా తియ్యగా, మామిడికాయ ముక్క కొరికినప్పటి సంతోషమే కలిగింది. మధ్యాహ్నం పనివాళ్లందరికీ కలిపి గోధుమరంగు పప్పుగింజలతో లిన్జెన్‌జుప్పె అనే పులుసు వండేవారు. వడ్డించాక అందులో ఒక చెంచా వెనిగర్ కలుపుకుంటారు. పప్పుకు పులుపు కావాలన్న సంగతి వీరికీ తెలుసని గ్రహించిన రోజు నుంచి నాకు ఆ వంటగదిలో పరాయితనం అనిపించలేదు.

ఇక మీ సీనియర్ల మాట. టాఫెల్‌లో సరుకులు తీసుకోవాలంటే ఆదాయం చాలదని రుజువు చూపాలి. అక్కడ వరుసలో నిలబడేది పింఛను చాలని వృద్ధులు, పిల్లలను ఒంటరిగా పెంచుతున్న తల్లులు, యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారు. 2022లో యుక్రెయిన్ నుంచి జనం వచ్చినప్పుడు చాలా కేంద్రాలు కొత్త పేర్లు రాసుకోలేమని ఆపేశాయి. మనం బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపించి, మా ఖర్చు మేమే భరించుకుంటామని చెప్పి వచ్చినవాళ్లం. ఖర్చు తగ్గుతుందని ఆ వరుసలో నిలబడితే ఒక ముసలావిడ సంచి ఖాళీగా వెనక్కు వెళ్లవచ్చు. అయితే ఇంటి దగ్గర తండ్రి ఉద్యోగం పోయి, నిజంగా పస్తులుండే పరిస్థితి వస్తే వెళ్లి అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అలాంటి విద్యార్థిని ఒకరిని నేనే తీసుకెళ్లాను.

జవాబు 2 (లైప్‌జిగ్, శాకాహారి)

పై మాటలన్నింటితో ఏకీభవిస్తూ, తిండి విషయంలో కొన్ని జాగ్రత్తలు చేరుస్తున్నాను. "ఇందులో మాంసం ఉందా" అని మాత్రమే అడిగితే చాలదు. లేదని చెప్పిన పులుసులోనే ష్పెక్ అనే పంది కొవ్వు ముక్కలు నాకు కనిపించాయి. వండినావిడకు దాచాలన్న ఉద్దేశం ఏమాత్రం లేదు, ఆమె దృష్టిలో మాంసం వేరు, ష్పెక్ వేరు. కాబట్టి ష్పెక్, వుర్స్ట్ (సాసేజ్), ష్మాల్త్స్ (కరిగించిన పంది కొవ్వు) అని పేరు పేరునా అడగండి. రంగురంగుల జిగురు మిఠాయిల్లో తరచుగా పంది జెలటిన్ ఉంటుంది. చీజ్‌లో "లాబ్" (పాలను గడ్డకట్టించే పదార్థం) అని ఉంటే దూడ కడుపు నుంచి తీసినది కావచ్చు; "మిక్రోబియెల్లెస్ లాబ్" (సూక్ష్మజీవులతో తయారైనది) అని ఉన్నది మనకు పనికివస్తుంది. గుడ్డు తినరు కాబట్టి, గుడ్డు కలిపి చేసే నూడుల్స్ లాంటి ష్పెట్జ్‌లె జోలికి వెళ్లకండి. ప్యాకెట్ మీద వేగన్ అని రాసి ఉంటే ఇక ఏమీ వెతకనక్కరలేదు.

సౌర్‌క్రాట్‌ను మాత్రం వదలకండి. సన్నగా తరిగిన క్యాబేజీని ఉప్పుతో పిసికి, దాని నీటిలోనే మునిగేలా అదిమి, వారాల తరబడి పులియబెడతారు. నూనె, కారం లేని ఊరగాయ అనుకుంటే సరిపోతుంది. దుకాణంలో కొన్నదానికి ఇంగువ, ఎండుమిరపకాయ తాలింపు పెట్టుకుని వేడి అన్నంలో కలుపుకున్నాను, ఎంతో బాగుంది.

జవాబు 3

వీసా గురించి ఒక మాట. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు అన్న పరిమితి ఉద్యోగాలకు సంబంధించినది. వారానికి కొన్ని గంటలు జీతం లేకుండా చేసే సేవ ఆ లెక్కలోకి రాదు; దాన్ని ఏరెన్‌అమ్ట్ అంటారు, గౌరవంగా చేపట్టే బాధ్యత అని ఆ మాటకు అర్థం. 2011లో మొదలైన ఫెడరల్ వాలంటరీ సర్వీసు వేరు; అది పాకెట్ మనీ ఇచ్చి, సాధారణంగా పూర్తి సమయం చేయించే కార్యక్రమం, చదువుతో పాటు కుదరదు. సందేహం ఉంటే విదేశీయుల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని (ఏప్రిల్ చివర)

అక్కా, మీ అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. ఫిబ్రవరి మొదటి గురువారం నుంచి వెళుతున్నాను. మొదటి రోజు మూడు గంటలూ స్ట్రాబెర్రీ డబ్బాలు తెరిచి, బూజు పట్టిన పండు ఉన్న డబ్బాను పక్కన పెట్టడమే నా పని. సాయంత్రానికి వేళ్లు ఎర్రబడ్డాయి గానీ, పది కొత్త మాటలు వచ్చాయి.

కిందటి వారం రబార్బర్ కాడలు వచ్చాయి. వీరు వాటిని చక్కెరతో ఉడికించి కేకుల్లో వేస్తారట. నేను చిన్న ముక్క కొరికి చూశాను. అచ్చంగా గోంగూర పులుపు! ఆకులు విషమని, కాడలే తినాలని వాళ్లు ముందే హెచ్చరించారు. సంతలో అర కిలో కొని తెచ్చుకుని కందిపప్పుతో వండి, వెల్లుల్లి తాలింపు పెట్టి, కారం తగ్గించి, ఈ గురువారం గిన్నె నిండా పట్టుకెళ్లాను. రబార్బర్‌లో ఉప్పు వేయడమేమిటని పెద్దాయన ఒకరు నమ్మలేనట్టు చూశారు, తర్వాత రొట్టె ముక్కతో గిన్నె అడుగు తుడిచి తిన్నారు. వచ్చే వారం ఎలా వండాలో కాగితం మీద జర్మన్‌లో రాసి తెమ్మన్నారు. తాలింపును జర్మన్‌లో ఏమని రాయాలో ఎవరైనా చెప్పగలరా?