అప్‌డేట్: ఫోన్‌తో తీసిన పాట వీడియోలో లిప్ సింక్ సమస్య తీరింది
మా జానపద పాట వీడియోలో పల్లవికి పెదాలు సరిగ్గానే కలిసి, రెండో చరణానికల్లా పాటకు దూరమైపోతున్నాయని అడిగాను కదా. తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కారణం వేరియబుల్ ఫ్రేమ్ రేటే, అంటే సెకనుకు తీసే ఫ్రేముల (బొమ్మల) సంఖ్య మారుతూ ఉండటం. సెట్టింగ్స్‌లో సెకనుకు 30 అని ఉన్నా, వెలుతురు తగ్గిన చోట ఫోన్ ఫ్రేములు తగ్గించేస్తోంది. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే 'వేరియబుల్' అనే చూపించింది. క్లిప్పులన్నీ హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ (మారని) 30కి మార్చి ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో పెడితే చివరిదాకా కలిసింది. హ్యాండ్‌బ్రేక్ ఉచితమే, కాకపోతే పాత ల్యాప్‌టాప్‌లో రాత్రంతా నడుస్తుంది. ఒరిజినల్ ఫైళ్లు మాత్రం డిలీట్ చేయకండి.

కొందరు అనుమానించినట్టు బ్లూటూత్ స్పీకర్‌లో పాట ఆలస్యంగా వినపడటానికీ దీనికీ సంబంధం లేదు. అదే అయితే తేడా మొదటి నుంచీ ఒకేలా ఉంటుంది, పెరుగుతూ పోదు. కొత్త కెమెరా కొనమన్నవాళ్లకు ఒక దండం. ఆ డబ్బులు డప్పు బృందం భోజనాలకే సరిపోయాయి.