అయిదెకరాలూ ఒకేసారి సేంద్రియానికి మార్చాలా?

బంగారుపాళెం రైతు:
మూడెకరాలు బెంగళూరా (తోతాపురి) మామిడి, ఒకటిన్నర ఎకరా వానాధారం చెనక్కాయ, బోరు కింద అరెకరా టమోటా. ఆవులు రెండు. తమ్ముడు ఈ ఖరీఫ్ నుంచే మందులన్నీ మానేద్దామంటాడు. నాన్న దిగుబడి పోతుందంటాడు. ఎట్లా తేల్చుకోవాలన్నా?

చిత్తూరు సేద్యం:
పంటను బట్టి తేల్చుకో తమ్ముడూ. ముందు చెనక్కాయ. వేరు బుడిపెల్లో నత్రజని అదే పట్టుకుంటుంది కాబట్టి యూరియా ఆపినా తట్టుకుంటుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (కుళ్ళు తెగుళ్ళను అణిచే మేలు బూజు పొడి) పట్టించి నీడలో ఆరబెట్టు, ఆ తర్వాతే రైజోబియం (నత్రజని పట్టే బాక్టీరియా). ట్రైకోడెర్మా మానితే మొదలుకుళ్ళు వచ్చి సాళ్ళలో సందులు పడతాయి. ఏడు సాళ్ళకొక కంది సాలు వెయ్యి. పూత మీద ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర చల్లి మట్టి ఎగదోయాలి. కాల్షియం చాలకపోతే కాయ తాలు పోతుంది. గనిలో తీసిన జిప్సమే కొను, ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలేది సేంద్రియ సర్టిఫికెట్‌కు ఒప్పుకోరు.
టమోటా చివరికి పెట్టుకో. తిండి ఎక్కువ కావాలి, కాయకు సూదిబెజ్జం పెట్టే ఊజీ పురుగు ఒక్క వేపకషాయానికి లొంగదు.

పేడ లెక్క:
అసలు చిక్కు ఎరువు. ఆవుకు రోజుకు పది కిలోల పేడ అనుకున్నా, రెండింటిదీ ఏడాదికి ఏడు టన్నుల పచ్చిపేడ. మాగితే సగం కూడా మిగలదు. ఎకరాకు నాలుగు టన్నులు కావాలి, అంటే ఒక ఎకరాకే చాలదు. జీవామృతం ఈ లోటు పూడ్చదు, నేలలో ఉన్నదాన్ని కదిలిస్తుందంతే. అది చేసుకునేదిట్లా: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 10 లీటర్ల పంచితం (ఆవు మూత్రం), రెండేసి కిలోల బెల్లం, ఉలవపిండి, పిడికెడు గెనిమ (పొలం గట్టు) మట్టి. నీడలో 48 గంటలు, పూటకొకసారి కలపాలి. మూత బిగిస్తే కుళ్ళు వాసన వస్తుంది, గోనెపట్టా కప్పితే చాలు. తడి నేల మీదే పొయ్యి.

తోట మనిషి:
మామిడికి మూడేళ్ళ మార్పిడి కాలం, అంటే మందులు మానినా కాయను సేంద్రియమని ఒప్పుకోని కాలం. పూత కోసం పోసే ప్యాక్లోబ్యుట్రజాల్ కూడా మానాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఆ మూడేళ్ళూ పల్ప్ ఫ్యాక్టరీలో మామూలు కాయ ధరే. కాబట్టి కొనేవాణ్ణి ముందు చూసుకోండి. ఇక్కడే అమ్ముకునేటట్లయితే అయిదుగురు రైతులు గుంపుగా చేరి పీజీఎస్ (ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చుకునే సేంద్రియ సర్టిఫికెట్) తీసుకోవచ్చు, ఎగుమతికైతే ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే సర్టిఫికెట్) కావాలి.

బంగారుపాళెం రైతు:
పక్క కయ్యలో కొట్టే మందు గాలికి మా చెనక్కాయ మీద పడితే?

చిత్తూరు సేద్యం:
ఆ గెనిమ పొడవునా నాలుగు సాళ్ళు సజ్జ ఒత్తుగా విత్తు. వైరస్ మోసే తామర పురుగులకూ అడ్డమే. అయినా ఆ అంచు సాళ్ళ కాయ వేరుగా పీకి, వేరే గోతాల్లో పట్టి మామూలు ధరకే అమ్ము.