‘డివైస్ ఇన్‌స్టెన్స్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: భవనాల్లో గాలి సరఫరా చేసే ఎయిర్ హ్యాండ్లర్లకు కంట్రోలర్లు అమర్చేవారి కోసం ఒక కరదీపిక తెలుగులో తయారవుతోంది. భవనాల్లోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణమైన బ్యాక్‌నెట్‌లో కంట్రోలర్‌కు ఇచ్చే ‘డివైస్ ఇన్‌స్టెన్స్’ అనే సంఖ్యను అందులో ‘పరికర క్రమసంఖ్య’ అన్నారు. సరిపోతుందా? ‘చిరునామా’ మేలంటారా?

జవాబు: రెండూ వద్దండీ. ఉత్తరం ఎక్కడికి చేరాలో చెప్పేది చిరునామా. బ్యాక్‌నెట్‌లో ఆ పని మ్యాక్ అడ్రస్‌ది. ఆర్ఎస్-485 తీగ మీద నడిచే ఎంఎస్/టీపీ అనే బ్యాక్‌నెట్ లైనులో టోకెన్ (మాట్లాడే వంతు) అందుకునే మాస్టర్ పరికరాలకు అది 0 నుంచి 127 దాకా ఉంటుంది. చాలా కంట్రోలర్లలో డిప్ స్విచ్‌లనే చిన్న మీటలతో పెడతారు: 37 కావాలంటే 32, 4, 1 మీటలు ఆన్ చేయాలి. ఈ లైనులో 37 ఉన్నా పక్క లైనులో మరో 37 ఉండొచ్చు, ప్రతి వీధిలోనూ 5వ నంబరు ఇల్లు ఉన్నట్టే. ఇన్‌స్టెన్స్ అలా కాదు. ఎన్ని లైన్లు కలిసినా మొత్తం నెట్‌వర్క్‌లో ఒక్కసారే రావాలి. దాన్నీ చిరునామా అంటే, డిప్ స్విచ్ పెట్టగానే పని అయిపోయిందనుకుంటారు.

క్రమసంఖ్యతో ఇంకా ప్రమాదం. ఆ మాట చదివితే 1, 2, 3 అని వేసుకుంటూ పోవాలనిపిస్తుంది. రెండు భవనాల్లోనూ అలాగే వేస్తే, విడిగా ఉన్నంతకాలం ఏ లోపమూ కనబడదు. కలిపిన రోజు ‘హూ-ఈజ్’ (ఎవరున్నారు?) అని నెట్‌వర్క్‌లో అడిగితే ఒకే సంఖ్యతో రెండు చోట్ల నుంచి ‘ఐ-యామ్’ (నేనున్నాను) అన్న జవాబు వస్తుంది. తెర మీద ఒక ఎయిర్ హ్యాండ్లర్ ఉష్ణోగ్రత ఉండాల్సిన చోట ఇంకోదానిది కనిపిస్తుంది. ఇక్కడి డాంపర్‌కు (గాలిని అదుపుచేసే రెక్కల తలుపుకు) పంపిన ఆదేశం అక్కడి డాంపర్‌ను తెరవొచ్చు.

మరొక జవాబు: క్రమసంఖ్య అన్నవారిని పూర్తిగా తప్పుపట్టలేం. ప్రమాణంలో ఇన్‌స్టెన్స్ అంటే ‘ఆ రకంలో ఎన్నోది’ అనే. బ్యాక్‌నెట్‌లో ప్రతి అంశానికీ ఉండే గుర్తింపు 32 బిట్లు; అందులో 10 రకానికి, 22 సంఖ్యకు. అనలాగ్ ఇన్‌పుట్ (సెన్సర్ కొలత వంటిది) 1, 2 దగ్గర ‘వరుస సంఖ్య’ చక్కగా అతుకుతుంది. డివైస్ కూడా ఒక రకమే కాబట్టి దానికీ అదే మాట వచ్చింది. 22 బిట్లే కనుక ఇవ్వగల పెద్ద సంఖ్య 4194302. దాని తర్వాతి 4194303ను ఏ పరికరానికీ కేటాయించకూడదు.

ప్రశ్న: అయితే ‘గుర్తింపు సంఖ్య’?

జవాబు: అదే సరైనది. ‘అంకె’ మాత్రం వద్దు, అంకెలు పదే. సంఖ్య కట్టే పద్ధతి కూడా పక్కనే రాయండి: నెట్‌వర్క్ నంబరును (ఒక్కో లైనుకు ఇచ్చే నంబరును) 1000తో హెచ్చించి మ్యాక్ కలపడం. 21వ నెట్‌వర్క్‌లో 37వ కంట్రోలర్ 21037 అవుతుంది. నెట్‌వర్క్ నంబర్లు 65534 దాకా ఉండొచ్చు గానీ, ఈ పద్ధతి 4194 దాటితే పనికిరాదు.

మరొక జవాబు: ఒక చిక్కుంది. ‘పరికర గుర్తింపు సంఖ్య’ అంటే పెట్టె మీది సీరియల్ నంబరు అనుకునేవారుంటారు. సీరియల్ నంబరు పెట్టెతోనే పోతుంది. ఇది పోకూడదు: కాలిపోయిన కంట్రోలర్‌ను మార్చితే పాత సంఖ్యే కొత్తదానికి ఇవ్వాలి, లేకపోతే తెర మీది బొమ్మలు, ట్రెండ్‌లు (పాత కొలతల రికార్డులు), షెడ్యూళ్లు అన్నీ దారి తప్పుతాయి. కాబట్టి ‘పరికర’ తీసేసి ‘స్థాన గుర్తింపు సంఖ్య’ అనండి. సాఫ్ట్‌వేర్‌లో వెతుక్కోవడానికి డివైస్ ఇన్‌స్టెన్స్ అన్న మాట కూడా ఒకసారి పక్కన ఉండనివ్వండి.

ప్రశ్న అడిగినవారు: ‘స్థాన గుర్తింపు సంఖ్య’ ఖాయం చేస్తున్నాం. పట్టికలో మ్యాక్, నెట్‌వర్క్ నంబరు, సీరియల్ నంబరు వేర్వేరు గడుల్లో ఉంటాయి.