టేకాఫ్, ల్యాండింగ్ లెక్కలు: ట్యాబ్లెట్ ఇచ్చిన అంకెని మీరెలా సరిచూసుకుంటారు?

గన్నవరం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) అయిపోయింది, వచ్చే నెల ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ఇచ్చే శిక్షణ) మొదలు. పెర్ఫార్మెన్స్ నోట్సు చదువుతుంటే ఒక డౌట్ వదలట్లేదు. లైన్ మీద (రోజువారీ ఫ్లైట్లలో) అంతా ఈఎఫ్‌బీ (ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్) ట్యాబ్లెట్టే లెక్క కట్టేస్తుంది కదా, మరి ఈ సెగ్మెంట్లు (టేకాఫ్ తర్వాత పైకెక్కే దశలు), చార్టులు ఇంత లోతుగా ఎందుకు? ఇంకోటి, రన్‌వే తడిగా ఉంటే వీ1 (టేకాఫ్ ఆపాలా వద్దా అని తేల్చుకునే ఆఖరి స్పీడు) తగ్గుతుందని రాశారు. తగ్గడమేంటి? ఎగురుతున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఎడమసీటు:
రెండోది ముందు చెప్తా. వీ1 వచ్చాక కూర్చుని ఆలోచించడం ఉండదు తమ్ముడూ, ఆపాలంటే ఆ స్పీడు దాటకముందే ఆపే పని మొదలైపోయి ఉండాలి. తడిలో బ్రేకులు సరిగా పట్టవు, ఆగడానికి దూరం ఎక్కువ కావాలి, కాబట్టి నిర్ణయం ఇంకా తక్కువ స్పీడులోనే అయిపోవాలి. అలా తగ్గించినందుకు ఇంకో వైపు నష్టం ఉంది. తక్కువ స్పీడులో ఇంజన్ పోయినా ముందుకే వెళ్లాలంటే ఒక్క ఇంజన్‌తో చాలా దూరం పరిగెత్తాలి. అందుకే పొడి రన్‌వే చివర 35 అడుగుల ఎత్తు ఉండాలనే నిబంధన, తడిలో 15 అడుగులకి దిగుతుంది. ఈ రెండూ కలిపి చదువుకుంటేనే అర్థమవుతుంది.

ఇక మొదటి ప్రశ్న. శంషాబాద్ తీసుకో. 4,260 మీటర్ల రన్‌వే, చూస్తే ఎంత బరువైనా లేస్తుందనిపిస్తుంది. కానీ మే నెలలో 42 డిగ్రీలనుకో. ఫీల్డ్ ఎత్తు సుమారు 2,000 అడుగులు, అక్కడ స్టాండర్డ్ టెంపరేచర్ 11 డిగ్రీలు, అంటే 31 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచబడటం వల్ల విమానానికి అనిపించే ఎత్తు, 5,700 అడుగులు దాటుతుంది. ఇప్పుడు నిన్ను ఆపేది రన్‌వే పొడవు కాదు, క్లైంబ్. ఒక ఇంజన్ పోయి, గేర్ లోపలికి వెళ్లాక రెండు ఇంజన్ల జెట్ 2.4 శాతం గ్రేడియెంట్‌తో ఎక్కగలగాలి, అంటే వంద మీటర్లు ముందుకెళ్తే 2.4 మీటర్లు పైకి. దారిలో కొండో టవరో ఉంటే అందులోంచి ఇంకో 0.8 తీసేసి లెక్క చూస్తారు. రన్‌వే ఇంకో కిలోమీటరు పెంచినా ఈ అంకె తనంతట తాను మారదు. ఫ్లాప్ తగ్గించి, ఆ మిగిలిన రన్‌వేని వాడుకుని ఎక్కువ వీ2తో (ఇంజన్ పోయినా పైకెక్కడానికి పట్టుకునే స్పీడు) లేస్తే క్లైంబ్ బాగుపడుతుంది. ట్యాబ్లెట్ కాన్ఫ్ 1 (తక్కువ ఫ్లాప్ అమరిక) ఎందుకిచ్చింది, ఈరోజు నన్ను ఏది కట్టేస్తోంది అని తెలిసినవాడికే అంకె తేడాగా ఉంటే కంటికి కనిపిస్తుంది.

నైట్‌హాల్ట్:
గల్ఫ్‌లో 737 ఎగురుతున్నా. పైన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. బెల్‌ఫాస్ట్, 2017 జులై 21, ఒక 737-800 కేసు తప్పకుండా చదువు. ట్యాబ్లెట్ లెక్క బాగానే ఉంది. ఎఫ్ఎంసీలో (విమానంలోని ఫ్లైట్ కంప్యూటర్) బయటి టెంపరేచర్ 16కి బదులు మైనస్ 52 పడింది, అది క్రూయిజ్ ఎత్తుకి చేరేచోట ఉండే టెంపరేచర్. దాంతో ఎన్1 (ఇంజన్ ఫ్యాన్ తిరిగే వేగం, శాతంలో) దాదాపు 93 రావాల్సింది 81 దగ్గర ఆగింది. విమానం రన్‌వే చివర దాకా ఈడ్చుకుంటూ వెళ్లి, దాటాక 29 మీటర్ల దూరంలో ఉన్న అప్రోచ్ లైటుని గుద్దింది. నాకు ఒళ్లు జలదరించింది ఆ లైటు ఎత్తు చూసి, 36 సెంటీమీటర్లే! థ్రస్ట్ పూర్తిగా పెంచింది కూడా రన్‌వే చివర నుంచి నాలుగు కిలోమీటర్లు వెళ్లాకే. జులైలో ఆ బరువుకి ఎన్1 ఎంత రావాలో సుమారుగా మనసులో ఉంటే, లివర్లు పెట్టగానే డౌట్ వస్తుంది. అందుకే ఎన్1 వచ్చిందా అని కాదు, ఆ ఎన్1 నమ్మేలా ఉందా అని చూడమని నాతో వచ్చే కొత్తవాళ్లకి పదే పదే చెప్తుంటా.

డిస్పాచ్_డెస్క్:
బరువు సంగతి కూడా పట్టించుకోండి సార్లూ. 2020 జులైలో బర్మింగ్‌హామ్ నుంచి వెళ్లిన ఒక 737లో, చెక్-ఇన్ సాఫ్ట్‌వేర్ 'మిస్' అని రాసుకున్న పెద్దవాళ్లని పిల్లల కింద లెక్కేసింది. లోడ్‌షీట్‌లో (విమానం బరువు లెక్క రాసే కాగితం) 1,244 కిలోలు తక్కువ. ఆ రోజు ప్రమాదమేమీ జరగలేదు, కానీ అంకె చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, అదే భయం. నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో ఫైనల్ లోడ్‌షీట్ డోర్లు వేశాక వచ్చేది, కాక్‌పిట్‌లో హడావుడిగా మార్చేవాళ్లు. జీరో ఫ్యూయల్ వెయిట్‌ని (ఇంధనం లేకుండా విమానం బరువు) టేకాఫ్ వెయిట్ గడిలో కొట్టే పొరపాటు సరిగ్గా ఇలాంటి టైంలోనే జరుగుతుంది. స్పీడులు తక్కువగా వస్తాయి, తోక నేలకి తగులుతుంది.

ఎడమసీటు:
అందుకే ఇద్దరూ విడివిడిగా, ఒకరి స్క్రీన్ ఒకరు చూడకుండా లెక్క కట్టాలి. తర్వాత ఎయిర్‌బస్‌లో గ్రీన్ డాట్ స్పీడు (బరువుని బట్టి మారే, ఫ్లాప్ లేకుండా ఎగిరే స్పీడు) పోల్చాలి. ట్యాబ్లెట్ ఇచ్చిందీ, విమానం కంప్యూటర్ ఇచ్చిందీ కలవకపోతే ఎక్కడో ఒకచోట బరువు తప్పు పడినట్టే. మొత్తం పట్టేది పది సెకన్లు.

వానలో_దిగేవాడు:
అందరూ టేకాఫే మాట్లాడుతున్నారు! బయల్దేరే ముందు ల్యాండింగ్ లెక్కలో పొడి రన్‌వే దూరం అందుబాటులో ఉన్నదాంట్లో 60 శాతంలో సరిపోవాలి, తడైతే కావాల్సిన రన్‌వే పొడవు ఇంకో 15 శాతం పెరుగుతుంది. 2,700 మీటర్లుంటే ఆ పొడి దూరం, పొడి రోజు 1,620, తడి రోజు సుమారు 1,400 మీటర్లు దాటకూడదు. గాల్లోకెళ్లాక అప్పటి గాలి, అప్పటి రన్‌వే కండిషన్ కోడ్ వేసి మళ్లీ కట్టి, 15 శాతం మార్జిన్ కలుపుకుంటాం. 2021 నవంబర్ నుంచి 6 (పొడి) నుంచి 0 (అసలు పట్టు లేదు) దాకా కోడ్‌లొచ్చాయి కాబట్టి తడి అంటే ఎంత తడి అనే గొడవ కొంత తగ్గింది. కానీ ఈ లెక్కలన్నీ నువ్వు టచ్‌డౌన్ జోన్‌లో దిగుతావన్న నమ్మకం మీదే నిలబడతాయి. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో 8,858 అడుగుల రన్‌వే మీద చక్రాలు తగిలింది 4,438 అడుగుల దగ్గర, అదీ 14 నాట్ల టెయిల్‌విండ్‌తో, వానలో. 21 మంది పోయారు. జోన్ దాటిపోతున్నావంటే ఇంక లెక్క చెల్లదు, గో-అరౌండే (దిగకుండా మళ్లీ పైకి లేవడమే). అందులో నామోషీ పడాల్సింది ఏమీ లేదు.

గన్నవరం_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చివరిగా ఒకటి. ట్యాక్సీ చేస్తుండగా గాలి మారి రన్‌వే మార్చారనుకోండి, స్పీడులు మాత్రం మార్చుకుంటే సరిపోతుందా?

ఎడమసీటు:
సరిపోదు. ఫ్లాప్, ఫ్లెక్స్ టెంపరేచర్ (థ్రస్ట్ తగ్గించుకోవడానికి కంప్యూటర్‌కి ఇచ్చే ఊహా టెంపరేచర్), ట్రిమ్ (తోక రెక్క అమరిక), ఇంజన్ పోతే ఎటు తిరగాలి, అన్నీ మారొచ్చు. గాలి ఊగిసలాడే రోజు గేట్ దగ్గరే రెండు రన్‌వేలకీ కట్టి పెట్టుకో. మారితే ఆగి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇద్దరూ మళ్లీ చెయ్యండి, ఏటీసీకి రెండు నిమిషాలు కావాలని చెప్పడానికి మొహమాటపడొద్దు. ఇంటర్‌సెక్షన్ నుంచి (రన్‌వే మొదలు కాకుండా మధ్యలో ట్యాక్సీవే కలిసేచోట నుంచి) వెళ్తుంటే మాత్రం బయట బోర్డు మీదున్న అక్షరం, ట్యాబ్లెట్‌లో ఎంచుకున్న అక్షరం ఒకటేనా అని లైనప్ అయ్యే ముందు ఇద్దరూ పైకి చదవండి.