ఆరు నెలల గడువు మినహాయింపు: ఫ్యామిలీ కోర్టులో మీ అనుభవం తెలుపగలరు

బెజవాడ_ఉష:
హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద మేమిద్దరం పరస్పర అంగీకారంతో విడాకుల పిటిషన్ వేశాము. విడిగా ఉండబట్టి మూడేళ్లు దాటింది, పిల్లలు లేరు. అయినా రెండో మోషన్‌కు (విడాకులు ఖరారు చేయమని ఇద్దరం మళ్లీ కోర్టును కోరడానికి) ఆరు నెలలు ఆగవలసిందేనని మా లాయరుగారి గుమాస్తా అంటున్నారు. మినహాయింపు పొందినవారు ఉంటే ఏ ఆధారాలు జతచేశారో చెప్పగలరు.

గోదారిగట్టు:
ఉషగారూ, ఆ గడువు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో దాన్ని సడలించే విచక్షణ విచారణ కోర్టుకే ఉందని 2017 సెప్టెంబరు 12న అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి మోషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ నిజంగా తేలిపోయి, ఇంకా ఆగడం వల్ల బాధే తప్ప ఫలితం లేదనిపిస్తే, మొదటి మోషన్ అయిన వారం తర్వాత కారణాలు రాసి దరఖాస్తు వేసుకోవచ్చు. మా కేసులో జడ్జిగారు పట్టుకున్నది ఆ ‘నిజంగా’ దగ్గరే. మమ్మల్ని ఒక్కొక్కరినే ముందుకు పిలిచి, ఒత్తిడి ఏమైనా ఉందా, పెట్టిన 498-ఎ (అత్తింటి వేధింపుల) కేసు ఏమైంది, బంగారం తిరిగి ముట్టిందా అని అడిగి, భరణం డీడీ నంబరు వాంగ్మూలంలో రాయించిన తర్వాతే దరఖాస్తును అనుమతించారు. విడిగా ఉన్నట్టు అద్దె ఒప్పందాలు, ఆధార్‌లో మారిన చిరునామా జతచేశాము.

డాలస్_తెలుగు:
నేను రాలేని పరిస్థితిలో నా తరఫున మా నాన్నగారు హాజరయ్యారు, నన్ను వీడియోలో విచారించారు. తల్లిదండ్రులు, తోబుట్టువుల ద్వారా హాజరు కావడానికి, వీడియో విచారణకు అదే తీర్పు వీలు కల్పించింది. ఇక్కడ రాయించిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి.

పాలమూరు_వకీలు:
2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన శిల్పా శైలేష్ తీర్పును చూపి ఫ్యామిలీ కోర్టులోనే సరాసరి విడాకులు అడుగుతామని కొందరు వస్తున్నారు. అది రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్న అధికారం. ఉషగారికి అది అక్కర లేదు, అమర్‌దీప్ తీర్పే చాలు.

శ్రీకాకుళం_అక్క:
అందరూ తొందరపెడుతున్నారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. భరణాన్ని వాయిదాల్లో ఇస్తామంటూనే మినహాయింపుకు సంతకం పెట్టమని మా చెల్లెలి అత్తవారు ఒత్తిడి చేశారు. డిక్రీ (విడాకుల తుది ఉత్తర్వు) వచ్చేవరకు ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు సురేష్టా దేవి కేసులో చెప్పింది. కాబట్టి పూర్తి సొమ్ము చేతికి అందేదాకా ఆ ఆరు నెలలు ఆడపిల్లకే అండ అని నా అభిప్రాయం.

బెజవాడ_ఉష:
అందరికీ ధన్యవాదాలు. మా మధ్య ఇచ్చిపుచ్చుకోవలసినవేవీ లేవు. ఒకవేళ దరఖాస్తు కొట్టివేస్తే మార్గం ఏమిటి?

పాలమూరు_వకీలు:
227వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. అయితే అక్కడ కేసు విచారణకు వచ్చేలోపే ఆరు నెలలు గడిచిపోతే, ఆ ఖర్చు దండగే అవుతుందమ్మా.