1906 ఫిగర్ స్కేటింగ్ టైటిల్: ఫుక్స్ గెలిచాడా, సాల్కోవ్ వదిలేశాడా?

రికార్డుల రంగయ్య:
జర్మనీ తరఫున గిల్బర్ట్ ఫుక్స్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్. 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన మొట్టమొదటి పోటీ, మళ్ళీ పదేళ్ళకి జర్మనీలోని మ్యూనిక్‌లో 1906ది. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోది మాత్రం ఒప్పుకోను. 1901 నుంచి వరసగా అయిదేళ్ళు గెలిచిన స్వీడన్ వాడు ఉల్రిక్ సాల్కోవ్ ఆ ఏడు రానేలేదు. మ్యూనిక్‌లో ఫుక్స్‌తో పోటీపడితే తనకి న్యాయంగా మార్కులు పడవని అతని అనుమానం. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం!

శారద:
రంగయ్య గారూ, ఆ సామెత మరీ ఎక్కువైంది. సాల్కోవ్ రాకపోతే ఫుక్స్‌కా శిక్ష? 1901లో సాల్కోవ్ తొలి టైటిల్ ఎక్కడ కొట్టాడు? స్టాక్‌హోమ్‌లో, సొంతగడ్డ మీద. బరిలో ఉన్నది ఇద్దరే, ఆ రెండోవాడు ఫుక్సే. ఫుక్స్ స్వీడన్ వెళ్ళి ఓడి వచ్చాడు. సాల్కోవ్ మాత్రం మ్యూనిక్ రాడట.

బాలు:
అసలు ఫుక్స్ పుట్టింది ఆస్ట్రియాలో, గ్రాజ్‌లో కదండీ?

శారద:
అవును, ఆడింది జర్మనీకి. చెట్ల బెరడు తొలిచే పురుగుల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త కూడా. ఆ పని చూసుకుంటూ రెండు టైటిళ్ళు!

ఐస్ మాస్టారు:
సాల్కోవ్ టెన్షన్‌ని తీసిపారేయలేం. అప్పట్లో మార్కుల్లో పెద్ద వాటా నిర్ణీత ఆకృతులది. ఒంటికాలి మీద, బ్లేడు ఒక అంచుతో మంచు మీద వలయం గీయాలి. మళ్ళీ అదే గీత మీద తిరగాలి. జడ్జీలు వంగి చూసేది ఆ గీతల్నే: రెండోసారి పక్కకి జరిగిందా, మలుపు దగ్గర మంచు గీరుకుందా అని. స్టాప్‌వాచ్ తేల్చే పందెం కాదు, అంతా కంటి అంచనా.
అయినా 1904లో బెర్లిన్‌లో జర్మన్ హైన్రిక్ బర్గర్‌ని వెనక్కి నెట్టి గెలిచింది ఈ సాల్కోవే. అక్కడ లేని భయం మ్యూనిక్‌లో ఎందుకొచ్చిందో! 1906లో ఫుక్స్ వెనక రెండో స్థానం కూడా ఆ బర్గర్‌దే. 1908 ఒలింపిక్స్‌లో అన్నా హ్యూబ్లర్‌తో కలిసి జంటల స్వర్ణం గెలిచినవాడు. బరి ఖాళీగా ఏం లేదు.

రికార్డుల రంగయ్య:
బర్గర్ సంగతి సరే. 1907 వియన్నా మాటేంటి మాస్టారూ? ఇద్దరూ దిగారు, అదీ ఫుక్స్ పుట్టిన దేశంలో. సాల్కోవ్ ఫస్ట్, ఫుక్స్ థర్డ్.

శారద:
1907లో ఓడితే 1906లో గెలిచింది చెరిగిపోతుందా? మీ లెక్కన ఇద్దరే ఆడిన 1901 టైటిల్ కూడా కొట్టేయండి, అప్పుడు నేనూ ఒప్పుకుంటా.